బాపమ్మ దాచిన యూరియా

నా చిన్నప్పుడు ఇంటి దొంగను పట్టించానని ఒక పూటంతా మహా గర్వంగా తిరిగాను. ఆ దొంగ మా బాపమ్మ, మా బాపును, అంటే నాన్నను కన్న తల్లి.

మాది కోరుట్ల పక్క పల్లె. బావి కింద ఎకరం పసుపు వేసేవాళ్లం. కరువులో ఎడ్లను, బర్లను అమ్ముకున్నాక చేనుకు వేయడానికి పెంట ఎరువు లేకపోయింది. మూడేళ్లుగా ఆ నేలకు యూరియా తప్ప వేరే తిండి లేదు. ఆ ఏడాది బాపు దుబాయ్ వీసా కోసం పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాడు. పసుపు మంచిగా వస్తే మాత్రం పోనన్నాడు. నాకింకేం కావాలి! రోజూ బడి నుంచి రాగానే చేనుకు పోయి, ఆకు ఎంత పెరిగిందో నా ఎత్తుతో కొలుచుకునేదాన్ని.

అలాంటప్పుడు పిడకల కొట్టంలో, గోనెపట్టా కింద, బాపు పసుపుకని తెచ్చి, పోయిందని వెతుకుతున్న యూరియా సంచి, విప్పకుండానే కనబడింది. బాపమ్మ పక్కింటి మేకల దొడ్డి ఊడ్చి, ఆ ఎరువును గంపతో చేనుకు మోయడం కూడా చూశాను. ఎందుకని అడిగితే, "నీకెందుకే పిల్లా, పోయి సదువుకో" అంది. జవాబు దాటేసేవాళ్ల దగ్గర ఏదో ఉంటుందని నాకప్పటికే గట్టి నమ్మకం. దుబాయ్ బంగారం మీద ముసలిదాని కన్ను పడిందని, బాపును అక్కడికి పంపడానికే పంట చెడగొడుతోందని తేల్చేసి, బాపుకు చెప్పాను.

బాపు సంచిని వాకిట్లోకి ఈడ్చాడు. "నన్ను ఎల్లగొట్టుడే గావాలెనా అవ్వా నీకు?"

"కోరుట్ల మార్కెట్ల ఆకు గొంటున్నరారా, దుంప గొంటున్నరా?" అంది బాపమ్మ. "నేల రాయోలె అయింది, సూసినవా? నీ చేను నీ ఇష్టం. నేను మేకల ఎరువేసిన నాలుగు సాళ్లు మాత్రం ముట్టకు."

ఆ నాలుగు సాళ్లు వదిలి, మిగతా చేనంతా చల్లాడు బాపు. పది రోజుల్లో ఆకు నిగనిగలాడింది. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూశారు. బాపమ్మ సాళ్లు మాత్రం పాలిపోయి, పొట్టిగా ఉన్నాయి. నేను ఆమె ముందే నవ్వాను.

ఆకు ఎండి, తవ్వకం మొదలైన రోజు ఆమె గడ్డపార నా చేతికిచ్చింది. "సాక్షివి గద, నువ్వే తవ్వు."

బాపు సాళ్లలో మట్టి పెళ్లలుగా లేచింది. దుంపలు చిటికెన వేలంత. సగం కుళ్లి చేతికి జారాయి. ఆమె సాళ్లలో గడ్డపార దానంతటదే దిగింది. మట్టి పొడిపొడిగా రాలింది, వానపాములు కదిలాయి, నా రెండు చేతులకూ పట్టనంత గుత్తి బయటికొచ్చింది. బాపు ఎటో చూస్తూ, "నాలుగే సాళ్లాయె గదనే అవ్వా" అన్నాడు.

నెల తిరక్కుండానే దుబాయ్ పోయాడు.

మూడేళ్లుగా పాడైన నేల నా ఒక్క చాడీతో పాడైందని నేను ఏడవను. అనుమానించినందుకు సిగ్గూ పడను. నా అనుమానాలకు మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ దండం పెడతారు. కానీ చెమటోడ్చి గంప మోసిన మనిషిని అనుమానించి, బాపు పోడని ఆశపెట్టిన ఆకును ఒక్కసారీ అనుమానించలేదే, అది మాత్రం మింగుడుపడదు. అందుకే ఎవరైనా సరిగ్గా నేను వినాలనుకున్న మాటే చెబితే, ఈనాటికీ నా చేయి గడ్డపార కోసం వెతుకుతుంది.