చిన్నాన్న బిగించిన చక్రం

మా చిన్నప్పుడు... బంటింగ్ దగ్గర రబ్బరు ఎస్టేట్‌లో, కూలీలు వరసగా ఉండే మా లైను ఇంటి ముందు గోనెపట్టా పరిచారంటే, కారు వెనక చక్రాలు ఊడదీస్తున్నారని అర్థం. పట్టా మీద ఒక పక్క నాన్న, ఎదురుగా చిన్నాన్న... మధ్యలో బ్రేకు డ్రమ్ము.

అది ఇంగ్లీషువాళ్ళ కాలంనాటి నల్ల కారు. ఎస్టేట్ ఆస్పత్రిలో మందులిచ్చే డ్రెసరు అమ్మేస్తుంటే అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్నారు. నాన్న ఎస్టేట్ లారీ నడిపేవాడు. చిన్నాన్న రబ్బరుపాలు మోసేవాడు. పెళ్ళికైనా కాన్పుకైనా క్లాంగ్ పట్నం వెళ్ళాలంటే మా లైన్లవాళ్ళందరికీ ఆ కారే దిక్కు.

ఈ కాలంవాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. వెనక డ్రమ్ము ఊరికే రాదు. ముందు చక్రాలకు కట్టె అడ్డం పెట్టాలి. జాకీతో ఎత్తాలి. చక్రం తీశాక హ్యాండ్‌బ్రేకు వదిలెయ్యాలి... అది మరిచిపోయి సుత్తి పట్టుకునే తెలివైనవాళ్ళను చాలామందిని చూశాను. తర్వాత కొయ్యసుత్తితో చుట్టూ తట్టాలి. ఒక పక్కనే కొడితే డ్రమ్ము వంకరగా బిగుసుకుపోతుంది.

అందుకే ఇద్దరు. నాన్న ఒక దెబ్బ, చిన్నాన్న ఒక దెబ్బ... మాటల్లేకుండానే చేతులు కలిసేవి. డ్రమ్ము ఊడగానే నల్లటి పొడి ఎగిరి ఇద్దరి ముఖాలూ మసి. ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కోసమే నేను బడి ఎగ్గొట్టి గుమ్మంలో కూర్చునేవాణ్ణి.

ఒక రోజు పక్క లైనులో పెళ్ళి... పెళ్ళికూతుర్ని క్లాంగ్ గుడికి తీసుకెళ్ళాలి. బయల్దేరే వేళకు వెనక టైరులో గాలి లేదు. చిన్నాన్న ఉతికిన చొక్కాతోనే కూర్చుని చక్రం మార్చాడు. ఆఖరి నట్టు బిగిస్తుంటే 'టక్'మంది. చక్రాన్ని పట్టుకునే నాలుగు బోల్టుల్లో ఒకటి... స్టడ్డు అంటాం... విరిగి నట్టుతో సహా చేతిలోకి వచ్చేసింది.

మూడు స్టడ్డుల మీద పెళ్ళికూతుర్ని ఎక్కించనని నాన్న అన్నాడు. అది న్యాయమైన మాటే. పాపం, ఆ పిల్ల పట్టుచీర ఎత్తి పట్టుకుని లారీ ఎక్కింది. జనం గొణుక్కున్నారు. నాన్నకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇనప పని నీకు సేతకాదురా. ఎల్లి రబ్బరుపాలు మోసుకో."

చిన్నాన్న స్పానరు తుడిచి డిక్కీలో పెట్టి, లైను వెంట నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు విరిగిన స్టడ్డు మార్చడానికి పట్టా మీద నాన్న ఒక్కడే. ఎంత తట్టినా డ్రమ్ము రాదు... వంకరగా బిగుసుకుపోయింది. చివరికి నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. నా దెబ్బకు బలమేదీ? ఎండ నడినెత్తికొచ్చాక ఊడింది. మసి ఎగిరింది. నాన్న నవ్వలేదు.

విరిగిన ముక్కను వెనక్కి కొట్టి బయటికి తీశాడు. కిరసనాయిలుతో కడిగి ఎండలో పెట్టి చూశాడు. నేనూ చూశాను. విరిగిన చోట ముప్పాతిక భాగం పాత తుప్పు... అంచున సన్నగా మాత్రమే కొత్త ఇనుము మెరుస్తోంది. అంటే అది ఎప్పుడో చీలిపోయి ఉంది. అంతకుముందు ఆ చక్రాన్ని బిగించింది నాన్న. ఆయన స్పానరు మీదకెక్కి నిలబడి బిగించేవాడు... స్టడ్డు చీలేది అలాగే.

కొత్త స్టడ్డు వెనకనుంచి దూర్చి, వాషర్లు వేసి, నట్టుతో మెల్లగా లోపలికి లాగాం.

రాత్రి అమ్మ అంది: "ఎల్లి సెప్పీ లా. నీ తమ్ముడే గదా."

రేపు చూద్దామన్నాడు. ఆ రేపు రాలేదు. చిన్నాన్న మా పిన్నినీ పిల్లల్నీ తీసుకుని ఆమె పుట్టింటివైపు, సుంగై సుమున్ వెళ్ళిపోయాడు.

కొన్ని నెలలకు నాన్న ఒకనాడు కారు తీసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్కడికి వెళ్ళాడు. చిన్నాన్న ఇంట్లోంచి వచ్చి నా తల నిమిరాడు. తర్వాత నేరుగా వెనక చక్రం దగ్గరికెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. కొత్త స్టడ్డు మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"బాగానే పడింది అన్నా," అన్నాడు.

నాన్న ఊఁ అన్నాడు. అంతే.

పిన్ని ఎండుచేపల పులుసు చేసింది. చిన్నాన్నే దగ్గర కూర్చుని వడ్డించాడు. వానల గురించి, పామాయిలు గెలల గురించి మాట్లాడుకున్నారు. చిన్నాన్న మాటిమాటికీ నాన్న ముఖంలోకి చూస్తున్నాడు... ఇంకేదో వస్తుందని. ఏమీ రాలేదు. తిరిగొచ్చే దారిలో నాన్న కారు పక్కకు ఆపి, స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. వెనక్కి తిప్పుతాడేమో అనుకున్నాను. తిప్పలేదు.

ఏడాది తిరక్కముందే చిన్నాన్న గుండె ఆగిపోయింది. దినం చేసి వచ్చాక నాన్న నాతో ఒక్కసారే అన్నాడు.

"సెప్పేద్దామనే ఎల్లినానురా. ఆడు ఎదురుగా కూకుని అన్నం ఎట్టినాడు... నోరు రాలేదు."

ఆ తర్వాత నాన్న ఆ కారు వెనక చక్రాలు ఎప్పుడూ ఊడదీయలేదు. అమ్మేశాడు.

ఇప్పుడు నా మనవలు కారు వర్క్‌షాపులో పడేసి ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. మిషను 'గుర్'మంటే నట్లన్నీ ఊడిపోతాయి. తప్పనను... మంచిదే. కానీ బండి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా కూర్చునే పని లేకుండా పోయింది. అన్నదమ్ములు గొడవపడే చోటూ లేదు... మళ్ళీ కలిసే చోటూ లేదు.

నాకు చదువు అంతంతమాత్రం. అయినా మీ ఇళ్ళల్లో నాన్నలు, చిన్నాన్నలు చెప్పకుండా పోయిన మాటలు ఉంటే కింద రాయండి... కూడబలుక్కునైనా అన్నీ చదువుతాను.