వాపసు అన్నపూర్ణమ్మ

ముందుగా వినిపించేది గోనెసంచి. తడిసిన గోనెని సిమెంటు రోడ్డు మీద బరబరా ఈడుస్తున్న చప్పుడు. గోదావరి ఒడ్డు నుంచి ఏదో పెద్ద జంతువు నిద్రమత్తులో ఊళ్లోకి నడిచొస్తున్నట్టు ఉంటుంది. ఆ వెంటనే కొవ్వూరు బజారులో షట్టర్లు ఒకదాని వెనక ఒకటి సగానికి దిగుతాయి. అప్పుడు అన్నపూర్ణమ్మగారు కనిపిస్తారు.

ఆవిడకున్నది ఒకే ఒక్క అలవాటు. గట్టు వెనకాల మడుగులో తేలే ప్లాస్టిక్ కవర్లు ఏరి, వాటి మీద అచ్చయిన పేరు చదివి, ఏ షాపు కవరు ఆ షాపుకి మర్యాదగా వాపసు ఇచ్చెయ్యడం. పోస్టుమాన్‌కైనా ఆదివారం సెలవు ఉంటుంది. ఆవిడకి అదీ లేదు.

నా స్టేషనరీ కొట్టు వీధి మొదట్లోనే కాబట్టి ఈ పంపిణీ అంతా నా కళ్ల ముందే జరిగేది.

"చంద్రరావుగారూ, మీ వస్తువు మా మడుగులో మర్చిపోయారండి," అన్నారు ఒకరోజు మిఠాయి కొట్టు ముందు ఆగి.

చంద్రరావు తల తిప్పకుండా గోడ మీది బోర్డు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

"చదివానండి. మీరు అమ్మింది కాజాలు. కవరు ఊరికే ఇచ్చారు. అమ్మనిది ఇంకా మీదే కదండీ?"

తాతలనాటి వ్యాపారం, కానీ ఈ లెక్క చంద్రరావుకి ఎవరూ నేర్పలేదు. నీళ్లు కారుతున్న కవరుని రెండు చేతులతో అందుకున్నాడు. మర్నాటి నుంచి పేరు లేని కవర్లు తెప్పించాడు. ఆవిడ వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని, "నెయ్యి, యాలకులు. మీదేనండి," అని ఇచ్చి వెళ్లారు.

సొంతవాళ్లనీ వదల్లేదు. కిరాణా కొట్టు నడిపే కొడుకు నిరంజన్ గల్లా పెట్టె మీద ఓ తడి కట్ట దబ్బున పడింది.

"అమ్మా! నేను నీ కొడుకునే!"

"కొడుకువి ఇంట్లోరా. ఇక్కడ షాపువాడివి. తీసుకో."

మధ్యాహ్నం అదే చేత్తో అతనికి గుత్తివంకాయ కూర వడ్డించారు. అతను తినే ముందు చెయ్యి వాసన చూసుకున్నాడని కోడలు సాయిప్రసన్న చెప్పింది.

అన్నిటికంటే పెద్ద వాపసు మాత్రం శ్రీదుర్గ, వరుణ్‌ల పెళ్లి సంచీ. అతిథులకి తాంబూలం పెట్టి ఇచ్చిన ఆ సంచీ మీద వధూవరుల పేర్లు బంగారు రంగులో మెరుస్తున్నాయి. అన్నపూర్ణమ్మగారు బస్సెక్కి, బ్రిడ్జి దాటి, రాజమండ్రిలో ఇల్లు వెతుక్కుని మరీ వెళ్లారు. ఎవరో చుట్టాలావిడ అనుకుని వాళ్లు కాళ్లకి దండం పెట్టారు.

"దీర్ఘసుమంగళీ భవ. మీ ఇద్దరూ నీటికుక్క మెడకి చుట్టుకున్నారమ్మా. విడిపించేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది."

పులిహోర తిని, సంచీ ఇచ్చి వచ్చేశారు. పెళ్లికొడుకు చాలాసేపు మెడ తడుముకుంటూ కూర్చున్నాడట.

నీటికుక్కలు నిజంగానే ఉన్నాయి. గోదావరి పొంగి వెనక్కి వెళ్తూ వదిలేసిన నీరు ఆ మడుగు. తుంగ మధ్యలో సాయంత్రం పూట నల్లటి తలలు పైకి లేస్తాయి, నీళ్లు ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు. మళ్లీ మునుగుతాయి. చూసినవాళ్లు తక్కువ. చూడనివాళ్లలో మార్కెట్ కమిటీ ప్రెసిడెంటు గణేష్‌బాబు ఒకరు. మడుగు పూడ్చి లారీల పార్కింగు చేస్తామని ఆయన అర్జీ పెట్టాడు. పూడిస్తే అవి పోవడానికి దగ్గర్లో మరో మడుగు లేదు.

విచారణకి రాజమండ్రి నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. గట్టు మీద కుర్చీలు, కూల్‌డ్రింకులు, బజారంతా.

"ఇది ఉత్త చెత్తగుంట సార్. ఇందులో ఏం బతుకుతాయండి?" అన్నాడు గణేష్‌బాబు.

"చెత్త ఎవరు వేస్తున్నారు?"

"బయటివాళ్లండి. ఎవరో."

అప్పుడు వినిపించింది బరబరా. దింపుకోవడానికి గట్టు మీద షట్టర్లు లేవు.

ఆఫీసరు సంచీని చూశాడు, విషయం కనుక్కున్నాడు, ముఖం వెలిగింది. "కవర్ల మీద పేర్లుంటాయి కదా. కుమ్మరించండమ్మా. ఎవరి పేరుంటే ఆ షాపుకి ఈరోజే సీలు."

బజారు మొత్తం ఒక్కసారిగా గోదావరి వైపు తిరిగి ప్రకృతిని చూడసాగింది. చంద్రరావు కూల్‌డ్రింకు గొంతులోనే ఆగిపోయింది. నిరంజన్ తల్లి వైపు చూశాడు. ఆవిడ ఇక్కడ తల్లో, కాదో అతనికి అర్థం కాలేదు.

సంచీ బోర్లించారు. ఎర్రవి, పసుపువి, నీలంవి గుట్టగా పడ్డాయి. ప్రతి కవరుకీ నడుమ నలుచదరంగా ఓ కిటికీ. పేరున్న మేర శుభ్రంగా కత్తెరతో కత్తిరించేసి ఉంది.

"పేర్లేవమ్మా?"

"పొద్దున్నే తీసేశానండి, మీరొస్తున్నారని తెలిసి."

"ఎందుకు?"

"మా బజారువాళ్లతో నేను పోట్లాడుకుంటానండి. అది మా గొడవ. మీరు షాపులు మూసేస్తే ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. మీరు మడుగు పూడ్చకుండా చూడండి, చాలు."

గుట్ట మీది కవరొకటి గాలికి లేచింది. గణేష్‌బాబే పరిగెత్తి పట్టుకున్నాడు. తెచ్చి సంచీలో వేసి, గొంతు సవరించుకున్నాడు.

"సార్... ఆ పార్కింగేదో హైవే పక్కన చూసుకుంటాంలెండి. అర్జీ వెనక్కి తీసుకుంటాం."

తర్వాత నాతో, "ఏం చెయ్యమంటారండీ? పార్కింగు వస్తే ఆవిడ రోజూ ఓ లారీని ఈడ్చుకొచ్చి మా ఇంటిముందు దింపుతుంది," అన్నాడు. కాని ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఆ చలికాలం చివర్లో ఒక సాయంత్రం ఆవిడ నన్ను మడుగు దగ్గరికి తీసుకెళ్లారు. నీళ్ల మీద వెలుతురు పలచబడుతోంది. తుంగ కదిలింది. ఓ నీటికుక్క, దాని వెనక బొద్దుగా మూడు పిల్లలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. నేను బాగా చూద్దామని రాయి మీద కండువా పరిచి కూర్చోబోయాను. అన్నపూర్ణమ్మగారు నా మోచెయ్యి పట్టుకుని లేపారు.

"బాలింత ఉన్నచోటండీ బాబూ. చుట్టపుచూపుగా వచ్చాం, చూశాం. ఇంక కూర్చోకూడదు, పదండి."