తిరుపతిరావు గారి పెట్టెలు

తిరుపతిరావు గారికి ఒకే ఒక్క పిచ్చి ఉండేది. తెర మీద కోడ్ ఉన్న పెట్టె కనిపిస్తే, యంత్రం ఇచ్చింది ఇచ్చినట్టు వదిలేవారు కాదు.

ఈ పిచ్చి అర్థం కావాలంటే ఆయన ఉద్యోగం తెలియాలి. బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర మూడో అంతస్తులో, బట్టల కొట్ల వాళ్ళకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చిన్న ఆఫీసు. అక్కడ పని చేసేవాళ్ళు చూసి నేర్చుకునే పేజీలు ఆయన రాసేవారు. మార్క్‌డౌన్‌లో రాసేవారు. అంటే మామూలు అక్షరాలే, మధ్యలో కొన్ని గుర్తులు. కంప్యూటర్‌కి ఇచ్చే కమాండ్ రాయాలంటే దాని పైన మూడు చిన్న గీతలు, కింద మూడు చిన్న గీతలు. ఆ గుర్తుల్ని చూసి యంత్రం పేజీని హెచ్‌టీఎంఎల్‌లోకి, అంటే వెబ్‌సైట్లో కనిపించే రూపంలోకి, మారుస్తుంది. గీతల మధ్య ఉన్నది బూడిదరంగు పెట్టెలో కూర్చుంటుంది. లోకంలో అందరికీ పని అక్కడితో అయిపోతుంది. తిరుపతిరావు గారికి అక్కడ మొదలయ్యేది.

పక్క కుర్చీలో మూడేళ్ళు కూర్చున్న రేణుకకి ఆ సంగతి బాగా తెలుసు.

"రేణుకమ్మా, ఈ రంగు చూడు. మబ్బు పట్టినట్టు లేదూ?"

"బాగానే ఉంది సార్."

"బాగానే ఉంది అంటే బాలేదని. కొంచెం వెనక్కి వెళ్ళి చూడు."

ఆమె వెనక్కి వెళ్ళేది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం వెళితే మంచినీళ్ళ క్యాను తగిలేది. బూడిదరంగు పోయి మీగడ రంగు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఆ క్యాను రెండుసార్లు దొర్లింది.

ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో స్టెల్లా పెళ్ళి. స్టెల్లా కస్టమర్ల ఫోన్లు చూసే అమ్మాయి. అందరూ భోజనాలకు వెళ్ళిపోయారు. తిరుపతిరావు గారు మాత్రం పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పేర్లున్న ఫ్లెక్సీ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. స్టెల్లా స్వయంగా వచ్చి పిలిచింది.

"సార్, బిరియానీ అయిపోతుందండీ."

"చూడమ్మా, పేర్ల చుట్టూ జాగా చాల్లేదు. ఊపిరాడక ఇద్దరూ ఇరుక్కుపోయారు."

"ఇరుక్కోవడానికే కదండీ పెళ్ళి! రండి."

ఆయన తిన్నారు. తింటూ కాగితం రుమాలు మీద అంచులు గీశారు.

ఇంకో సంగతి. కమాండ్ ముందు డాలర్ గుర్తు వేయడం మామూలు. ఇక్కణ్ణించి టైపు చెయ్యమని దానర్థం. సర్వర్లు చూసే మరియదాసు ఆ గుర్తుతో సహా కాపీ చేసి, అది ఎందుకు పనిచేయడం లేదో తెలియక పూట పూటంతా పోగొట్టుకున్నాడు.

"నా తప్పేనండీ. చూసుకోలేదు" అన్నాడు.

"తప్పు నీదెందుకవుతుంది? పెట్టెది."

రెండు రోజులు తిరుపతిరావు గారు తెర ముందునుంచి లేవలేదు. మూడో రోజు మరియదాసుని పిలిచి చూపించారు. గుర్తు ఉంది. మౌస్‌తో ఎంత లాగినా కాపీలోకి రావడం లేదు.

"కనపడుతుంది, అందదు" అన్నారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

అప్పటినుంచి ఆఫీసులో అదొక ఆటైంది. టీ ఒలికినా, లిఫ్ట్ ఆగినా, ఎవరో ఒకరు "తప్పు పెట్టెదండీ" అనేవారు. ఆయన కూడా నవ్వేవారు. నవ్వి, మళ్ళీ తెర వైపు వంగేవారు.

శ్రావణంలో ఒక ఆదివారం ఉదయం మైలవరంలో, సొంతింట్లో, పేపరు చదువుతూ ఆయన పోయారు. గుండె. ఆఫీసువాళ్ళు రెండు కార్లలో వెళ్ళారు. ఆయన భార్య రామతులసి గారు రేణుకని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నిన్న మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా అదే గోలమ్మా. పొడుగు లైను ఫోన్‌లో పక్కకి పోతోందంట. మడత పెట్టాలా, అలా పోనివ్వాలా అని నన్నడిగారు. నాకేం తెలుసు? చీరైతే మడత పెడతాం, పెట్టండి అన్నాను. ఎంత సంబరపడ్డారో."

ఆమె ఏడవలేదు. రేణుకా ఏడవలేదు. తిరుగుదారిలో కొండపల్లి దాటాక, మరియదాసు కారు పక్కకి ఆపించి దిగి, రోడ్డుకి వీపు పెట్టి నిలబడ్డాడు. అందరూ అతను వచ్చేదాకా ఆగారు.

ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ముందు కుర్చీ మీద ఫైళ్ళు పెట్టారు, తరవాత ఒక పాత ప్రింటర్ పెట్టారు.

దసరా వెళ్ళాక టీం లీడ్ భానుచందర్ రేణుకని పిలిచాడు. పేజీలన్నీ కొత్త పద్ధతిలోకి మారుతున్నాయి. పెట్టె ఎలా కనిపించాలో చెప్పే తిరుపతిరావు గారి రూల్స్ ఒక ఫైల్లో ఉన్నాయి. మొత్తం నలభై మూడు.

"తీసేయ్ రేణుకా. కొత్తదాంట్లో దానంతటదే వచ్చే పెట్టె బాగానే ఉంది."

"అన్నీనా సార్?"

"నలభై మూడు రూల్స్ రేపు ఎవరు మోస్తారు? నువ్వు మోస్తావా?" అని, ఆమె ముఖం చూసి కొంచెం తగ్గాడు. "సరే. ఎందుకు పెట్టారో చెప్పగలిగినవి ఉంచు. చెప్పలేనివి తీసేయ్. శుక్రవారానికి అయిపోవాలి."

ఆ ఫైల్లో ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు చేశారో పక్కన రాసే వీలుంది. సోమవారం రేణుక మొదటి రూల్ తెరిచింది. కారణం దగ్గర "అందం కోసం" అని ఉంది. రెండోదానికి "అందం కోసం". నలభై మూడింటికీ అదే. అందం కోసం. అంటే ఒక్కటీ మిగలదు. మనిషి పోయాక మిగిలింది ఈ ఒక్క ఫైలు. దాన్ని తన చేత్తోనే తుడిచేయాలి. ఆ సాయంత్రం ఆమె ఒక్క రూలూ తీయలేకపోయింది.

మంగళవారం తేదీలు చూసింది. డాలర్ గుర్తు రూల్, మరియదాసు పూట పోగొట్టుకున్న వారంలోది. కామాలు పెద్దవి చేసిన రూల్, స్టెల్లా ఒక కామా మరిచిపోయి కస్టమర్ చేత తిట్లు తిన్న మర్నాటిది. ఆమె క్యాలెండర్ తీసింది, పాత మెయిళ్ళు తీసింది. ప్రతి రూల్ వెనకా ఎవరో ఒకరు తలదించుకున్న రోజు ఉంది.

గురువారం తన రోజు దగ్గరికి వచ్చింది.

మూడేళ్ళ కిందట, చేరిన రెండో నెల. చీరల జాబితా మొత్తం చెరిపేసే కమాండ్ ఒకటుంది. పరీక్షల కోసం పెట్టిన కంప్యూటర్‌లోనే దాన్ని వాడాలి. ఆమె పెడన షావుకారు కొట్లో నడుస్తున్న అసలు కంప్యూటర్ మీద కొట్టింది. నాలుగు వేల చీరల ఫోటోలు పోయాయి. పదకొండింటికి మీటింగు. రాజీనామా కాగితం బ్యాగులో పెట్టుకుని వెళ్ళింది. ఆమె నోరు తెరిచేలోపల తిరుపతిరావు గారు లేచారు.

"పేజీలో హెచ్చరిక లేదండీ. రాయాల్సింది నేను. ఆ అమ్మాయికేం తెలుస్తుంది?"

ఓనర్ గారు పేజీ తెరిచి చూశారు. నిజంగానే లేదు. షావుకారుకి తిరుపతిరావు గారి పేరు మీద క్షమాపణ వెళ్ళింది. ఆయనకి రావలసిన టీం లీడ్ పదవి ఆ ఏడు భానుచందర్‌కి వెళ్ళింది. ఇన్నాళ్ళూ రేణుక మనసులో ఒక చిన్న ముల్లు ఉండేది. ఆయన ఆ ఒక్క లైను రాసి ఉంటే తనకంత అవమానం జరిగేది కాదు కదా అని.

ఆ పేజీ పాత మార్పులు తెరిచింది.

హెచ్చరిక ఉంది. ఆమె ఉద్యోగంలో చేరడానికి ఏడాది ముందునుంచీ ఉంది. ఆ రోజు ఉదయం పది నలభైకి దాన్ని తీసేశారు. కారణం: అందం కోసం. మధ్యాహ్నం పన్నెండుంబావుకి మళ్ళీ పెట్టారు, ఈసారి చుట్టూ ఎర్ర అంచుతో, ఒక్క నొక్కుకి కమాండ్ కాపీ అయ్యే బటన్ లేకుండా. కారణం: అందం కోసం.

రేణుక ల్యాప్‌టాప్ అలాగే చేతుల్లో పట్టుకుని భానుచందర్ గదిలోకి వెళ్ళింది.

"సార్, అప్పుడు పెడన వాళ్ళ విషయంలో తప్పు నాదే. పేజీలో హెచ్చరిక ఉంది. నేనే చదవలేదు. ఇప్పుడు నన్నేం చేసినా సరే. ఈ రూల్స్ మాత్రం తీయలేను. ఒక్కోదాని వెనకా మనలో ఎవరిదో ఒక తప్పుంది."

భానుచందర్ తెర వైపు చూడలేదు.

"తలుపు వెయ్యి. కూర్చో."

ఆమె కూర్చుంది.

"తిరుపతిరావు గారి పేజీలో ఒక లైను తక్కువుందంటే ఎవరైనా నమ్ముతారా?"

"అంటే... మీకు తెలుసా సార్?"

"అందరికీ తెలుసు. ఆ రోజు నువ్వు ఏడుస్తున్నావు కాబట్టి నీకు తెలీలేదు."

"ఓనర్ గారికి?"

"అందరికన్నా ముందు ఆయనకే. పదిన్నరకి నా ఎదురుగా పేజీ తెరిచి, హెచ్చరిక పైకే చదివారు. పదకొండింటికి మళ్ళీ తెరిస్తే లేదు. నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను. ఇంక ఆయనేం చేస్తారు? ఆయనా కిటికీ వంక చూశారు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి. చెవులు ఎర్రబడిపోయి, చెమటలు పట్టి, అంత కష్టపడి ఆడుతుంటే, కాదని ఎలా అంటాం?"

రేణుకకి ముందు ఏడుపొచ్చింది. తరవాత ఆ మీటింగు కళ్ళకి కట్టింది. అంతమంది పెద్దమనుషులు కిటికీ వంక చూస్తున్నారు, బయట చూడ్డానికేమో పక్క బిల్డింగు నీళ్ళ ట్యాంకు తప్ప ఇంకేమీ లేదు. ఆమెకి నవ్వు ఆగలేదు. భానుచందర్ కూడా నవ్వాడు. నవ్వుతూ జేబులోంచి రుమాలు తీశాడు.

"నీకు శుక్రవారం కాదులే, ఇంకో వారం ఇస్తున్నాను" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "కొత్తదాంట్లోకి నలభై మూడూ ఎక్కించు. అన్నట్టు, వాటిల్లో నా తప్పు ఎన్నోది?"

"ఒకటి కాదు సార్" అంది రేణుక. "పదకొండున్నాయి."