నువ్వు వెళ్ళు, నేనొస్తా

మూడో మైలు బోర్డు దాటి చెక్క వంతెన ఎక్కాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. చెరువు పక్క నుంచి దారి తిన్నగా, తెల్లగా, చాలా దూరం దాకా కనిపిస్తోంది. దాని మీద ఎక్కడా ఎర్ర జాకెట్ లేదు.

మలుపు దగ్గర ఉంటారులే అనుకుని వంతెన మీదే ఆగాను. ఇద్దరమ్మాయిలు నన్ను దాటి వెళ్ళారు. తరవాత ఒక తాతగారు వచ్చారు. ఎంత మంచు పడుతున్నా నిక్కరు వేసుకునే పరిగెత్తే మనిషి ఆయన. ప్రతి రేసులోనూ అందరికంటే చివర వచ్చేది కూడా ఆయనే. ఎర్ర జాకెట్ వేసుకున్న పెద్దావిడ కనిపించారా అని అడిగాను. లేదన్నారు. తన వెనక ఇంకెవరూ లేరని నవ్వుతూ చెప్పి, చెయ్యి ఊపి వెళ్ళిపోయారు.

ఆయన వెనక ఎవరూ లేరు. ఆయనకీ నాకూ మధ్య ఆంటీ లేరు. నా ముందు లేరని నాకు తెలుసు. పక్కన చూస్తే చెరువు. దాని మీద పలచగా గడ్డకట్టిన మంచు.

ఇది నిన్నటి సంగతి. పిల్లలు స్కూల్‌కి వెళ్ళారు కనక వివరంగా రాస్తున్నాను.

మా టీమ్‌లో ముగ్గురం. మేముండేది అమెరికాలో, పిస్కాటవే చుట్టుపక్కలే. డిసెంబర్ నుంచి మార్చ్ దాకా నెలకో ఆదివారం ఇక్కడ చలికాలం రేసులు జరుగుతాయి. ముగ్గురి టైమూ కలిపి టీమ్ లెక్క వేస్తారు. ముగ్గురిలో ఒక్కరు గీత దాటకపోయినా టీమ్ లేనట్టే. మా ముగ్గురిలో గట్టిగా పరిగెత్తేది వరంగల్ నుంచి వచ్చిన నా స్నేహితురాలు. నేను నడుముకో చిన్న సంచీ కట్టుకుని మధ్యలో వస్తాను. అందులో చేతి గ్లవ్స్ ఇంకో జత, జ్వరం మాత్రలు, బెల్లం ముక్క, ప్లాస్టర్లు ఉంటాయి. అందుకే ఆ వరంగల్ పిల్ల నన్ను పేరు పెట్టి పిలవదు, ‘జాగ్రత్తమ్మా’ అంటుంది.

మూడో మనిషి ఆంటీ. గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్ళు ఇక్కడ పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైర్ అయ్యారు. అరవై ఆరేళ్ళు. ఈ వయసులో పరుగేంటి ఆంటీ అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. “జీవితమంతా పిల్లలు నా సూది చూసి పరిగెత్తారు. ఇప్పుడు నా వంతు.”

నిన్న పొద్దున వాళ్ళింటికి వెళ్ళి ఆవిణ్ణి ఎక్కించుకున్నప్పుడు అంకుల్ స్వెట్టర్‌తో గుమ్మం దాకా వచ్చారు. రాత్రంతా మంచు పడింది. ఇంకా సన్నగా రాలుతూనే ఉంది.

“అమ్మాయ్, ఆవిడకి నొప్పొచ్చినా చెప్పదు. నువ్వే కనిపెట్టుకుని ఉండాలి,” అన్నారు.

“పక్కనే ఉంటాను అంకుల్,” అన్నాను.

ఆ మాట ఇచ్చింది నేను. ఎవరూ ఒట్టు పెట్టించుకోలేదు.

పార్కు చుట్టూ రెండు చుట్లు, మొత్తం ఐదు మైళ్ళు. మొదటి చుట్టంతా ఆంటీ పక్కనే పరిగెత్తాను. మంచు తోసే బండి ఒకసారి వచ్చి వెళ్ళింది కానీ, దారి మీద మళ్ళీ బియ్యప్పిండి చల్లినట్టు పడుతోంది. నేను మంకీ క్యాప్ వేసుకుని, దాని మీద జాకెట్ టోపీ కూడా బిగించాను. “నువ్వు రేస్‌కి వచ్చినట్టు లేదు, దొంగతనానికి పోతున్నట్టుంది,” అని వరంగల్ పిల్ల మొదట్లోనే వెక్కిరించి, మాయమైపోయింది.

మొదటి చుట్టు ముగిసే చోట ఒక స్కూల్ ఉంది. రేసులో పేర్లు రాయించుకునేది, సూప్ పోసేది దాని జిమ్‌లోనే. అక్కడికి కాస్త ముందు ఆంటీ ఒక మంచునీళ్ళ గుంటలో కాలు వేశారు. తరవాత ఆ కాలు నేలకేసి కొట్టుకోవడం నేను చూశాను. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ఆవిడ ఆగి, చెయ్యి ఊపుతూ ఏదో అన్నారు. రెండు టోపీల లోంచి నాకు వినబడింది ఇంతే.

“నువ్వు వెళ్ళు... వస్తా.”

నువ్వు ముందు పద, నేను వెనక వస్తాననే కదా అర్థం! “సరే ఆంటీ!” అని అరిచి పరుగందుకున్నాను.

ఇప్పుడు వంతెన మీది నుంచి వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాను. “ఆంటీ! ఆంటీ!” అని అరుస్తూ, కాలువలోకీ పొదల్లోకీ తొంగి చూస్తూ వెళ్ళాను. ఒకచోట చెరువు గట్టు కింద మంచులో ఎర్రగా ఏదో కనబడింది. కూర్చుని జారుకుంటూ దిగాను. అది పిల్లలు మంచు మీద జారే ప్లాస్టిక్ పళ్ళెం. ఎవరో వదిలేసి వెళ్ళారు. దాన్ని పట్టుకుని అక్కడే ఏడ్చాను. దాన్ని అలాగే చంకలో పెట్టుకుని పరిగెత్తానన్న సంగతి తరవాత అందరూ చెప్పి నవ్వేదాకా నాకు తెలియదు.

ఫినిష్ లైన్ దగ్గర మా ఆయన, మా అమ్మాయిలిద్దరూ అట్ట మీద ‘గో అమ్మా’ అని రాసుకుని నిలబడ్డారు. నేను ఎదురు దిక్కు నుంచి వచ్చేసరికి అట్ట ఎటు తిప్పాలో వాళ్ళకి తెలియలేదు.

వరంగల్ పిల్ల అరటిపండు తింటూ వచ్చింది. “ఏందే జాగ్రత్తమ్మా, ఉల్టా ఉరుకుతున్నవ్? గా పళ్ళెం ఏంది?”

“ఆంటీ వచ్చారా?”

“నీతోనే ఉన్నరు గదా!”

“లేరు. చివర తాతగారి వెనక కూడా లేరు.”

దాని మొహంలో నవ్వు పోయింది. టైమ్ రాసుకునే ఆవిణ్ణి అడిగితే, ఆ నంబర్ ఇంకా గీత దాటలేదంది.

“ఆగు, ఫోన్ చేస్తా,” అని వరంగల్ పిల్ల గ్లవ్ పళ్ళతో లాగి, నంబర్ నొక్కింది. నా నడుము దగ్గర మోగింది. తడిస్తే పాడవుతుందని ఆంటీ ఫోన్ నేనే అడిగి తీసుకుని, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నా సంచీలో దాచాను. దాంతోపాటు ఆవిడ ఇన్సూరెన్స్ కార్డు, ఇంటి తాళం చెవి కూడా నా దగ్గరే ఉన్నాయి.

“నీ జాగ్రత్త తగలెయ్య,” అంది అది.

“అంకుల్‌కి కాల్ చేద్దామా?” అన్నారు మా ఆయన.

పక్కనే ఉంటానని చెప్పి వచ్చిన మనిషికి ఏమని చెప్పను? ముందు వీళ్ళచేత అనౌన్స్ చేయిద్దామని జిమ్‌లోకి దూసుకెళ్ళాను. మైకు పట్టుకున్నాయనకి గుర్తులు చెప్పాను. ఇండియన్, అరవై దాటాయి, ఎర్ర జాకెట్, తోవలో ఎక్కడో పడిపోయి ఉండొచ్చు. ఆయన గంభీరంగా, పెద్దావిడ ఒకరు తప్పిపోయారనీ, వెతకడానికి రాగలిగినవాళ్ళు రావాలనీ, ఎవరైనా డాక్టర్లుంటే ముందుకు రావాలనీ చెప్పాడు.

జిమ్ మెట్ల మీద మూడో వరసలో ఒకావిడ సూప్ గిన్నె పక్కన పెట్టి లేచింది. తెల్ల స్వెట్టర్. ఉత్త పాదాలతోనే షూస్‌లోకి దూరి, లేసులు ఈడ్చుకుంటూ, జనాన్ని తోసుకుని మైకు దగ్గరికి వచ్చింది. తను డాక్టర్నని ఆయనకి ఇంగ్లీషులో చెప్పి, నన్ను చూసి తెలుగులోకి మారింది.

“అమ్మాయ్, వచ్చావా! పాపం ఎవరో ముసలావిడ తప్పిపోయిందట. పద, ఈ చలిలో ఎక్కువసేపు ఉంటే కష్టం. ఆ పళ్ళెం కూడా పట్రా, పడుకోబెట్టి లాగడానికి పనికొస్తుంది.”

ఆవిడ ఎర్ర జాకెట్ హీటర్ మీద ఆరుతోంది. పక్కనే సాక్సులు.

నేను పళ్ళెం కింద పడేసి ఆవిణ్ణి పట్టుకుని బావురుమన్నాను. విషయం అర్థం కావడానికి ఆవిడకి కాస్త టైమ్ పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది.

“నీకు చెప్పే వచ్చాను కదా! కాలివేళ్ళు మొద్దుబారాయి, నువ్వు వెళ్ళు, నేనిక వస్తా అని!”

“వస్తానంటే వస్తారనుకున్నాను ఆంటీ!”

“వస్తానంటే వెళ్తాననే కదా! నువ్వు తెలుగుదానివేనా?”

నా టోపీల్లో ఆ ‘ఇక’ ఒక్కటీ పోయింది. వేళ్ళ సంగతి కూడా పోయింది.

వరంగల్ పిల్ల నేల మీద కూలబడి నవ్వుతోంది. “నలభై ఏండ్లు అమెరికల ఉన్నరు. పోతున్న అని ఒక్క ముక్క అనలేరా ఆంటీ?”

“ఛీ, నోరు ముయ్యి. అంత మంచులో, చెరువు పక్కన నిలబడి పోతున్నా అంటారా ఎవరైనా?”

“ఐయామ్ డన్ అనుండ్రి.”

“అది ఇంకా దరిద్రంగా ఉంది.”

మైకాయనకి నేను సంగతి వివరించబోయాను. మా భాషలో వెళ్ళేటప్పుడు వస్తానంటారు అని చెబితే, మరి వచ్చేటప్పుడు ఏమంటారు అని అడిగాడు. అప్పుడూ వస్తాననే అంటామని చెప్పాను. ఆయన మైకు అందుకుని, దొరికారు అని మాత్రం చెప్పాడు. జిమ్ అంతా చప్పట్లు కొట్టింది. ఆంటీ తనకేనని తెలియక తనూ కొట్టారు.

నిన్న మాకు టీమ్ లేదు. ఇద్దరం గీత దాటలేదు కదా. వరంగల్ పిల్ల ఒక్కత్తీ ఆడవాళ్ళలో పదకొండో స్థానం తెచ్చుకుని, కారులో ఇంటి దాకా మమ్మల్ని దెప్పింది.

ఆంటీని దింపినప్పుడు అంకుల్ తలుపు తీశారు. ఆవిడ కుంటడం చూసి నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపే ఆంటీ అందుకున్నారు. “వేళ్ళు కాస్త చల్లబడ్డాయి అంతే. అమ్మాయి నన్ను ఒక్క అడుగు వదల్లేదు.” అంకుల్ నాకు దణ్ణం పెట్టినంత పని చేశారు. నేను నవ్వి, కారెక్కేశాను.

ఇవాళ పొద్దున పిల్లలు పాలల్లో సీరియల్ వేసుకుని తింటున్నారు. మంచు వల్ల స్కూల్ రెండు గంటలు ఆలస్యం. చిన్నదానికి పెద్దది కథ చెబుతోంది. “డాక్టర్ ఆంటీ స్నో లో లాస్ట్ అయ్యింది. అమ్మ రెస్క్యూ చేసింది.”

పాల సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నిజంగా జరిగింది అది కాదు. ఆవిడ కాలు కొట్టుకోవడం నేను చూశాను. కిందటి రేసులో ఆడవాళ్ళ టీముల్లో మాది చివరి స్థానం. నిన్న మంచుకి రెండు టీములు రాలేదు, ఇంకో టీము మాకంటే కొంచెమే ముందు. నేను రెండు నిమిషాలు తగ్గిస్తే చాలని మొదటి చుట్టంతా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ‘నువ్వు వెళ్ళు’ అన్నది వినబడగానే నాకు కలిగింది సంతోషం. ‘ఇక’ వినబడి ఉన్నా వెళ్ళేదాన్నేమో. ఎందుకు, కాలికేమైంది, మీతో రానా అని ఒక్క ప్రశ్న అడగడానికి టోపీ తీసి ఉంటే సరిపోయేది.

పిల్లల ఎదురుగా కూర్చున్నాను.

“ఆంటీ తప్పిపోలేదు,” అన్నాను. “ఆంటీకి కాలు నొప్పి పుట్టింది. నేను చూశాను. చూసి కూడా ఆగకుండా ముందుకి పరిగెత్తాను, మన టీమ్ లాస్ట్ రాకూడదని. తరవాత భయమేసి వెనక్కి వచ్చాను.”

పెద్దది స్పూన్ ఆపింది. అంకుల్‌కి ఇచ్చిన మాట సంగతి నిన్న దానికి నేనే చెప్పాను. “బట్ యూ ప్రామిస్డ్ అంకుల్.”

“అవును. మీరు స్కూల్ నుంచి వచ్చాక ముగ్గురం వాళ్ళింటికి వెళ్దాం. అంకుల్‌కి నేనే చెప్తాను.”

“ఆర్ యూ ఇన్ ట్రబుల్ అమ్మా?” చిన్నది కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది.

“కొంచెం,” అన్నాను. “అంకుల్ తిడతారు. కానీ ముందు టీ ఇచ్చి తిడతారు.”