ఉద్దానం ఒడ్డున మా బండికి దక్కిన వాటా

మా ఏడు సీట్ల డీజిల్ బండి ఇంజిన్‌ని నేను మార్చేశానన్న వార్త మా వీధి దాటకముందే ఇంట్లో రగడయింది. పలాసకి ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్ల మోటార్లు, బాయిలర్లు బాగుచేసే వర్క్‌షాపు నాది. ఇంజిన్లంటే నాకు పిచ్చి, అందులో దాచుకునేదేమీ లేదు. ఇంజిన్‌లోకి గాలి ఎక్కించే కంపెనీ టర్బో తీసేసి పెద్దది బిగించాను. ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్, క్లచ్ అన్నీ మార్చాను. విశాఖలో ట్యూనింగ్ చేయించి పరీక్ష పెడితే, నూట ఇరవై హార్స్ పవర్ ఉండాల్సిన బండి రెండు వందల అరవై చూపించింది. ఆ అంకె చూసి నేను మీసం మెలేస్తే, మా ఆవిడ దమయంతి నెత్తి కొట్టుకుంది. పిల్లల్ని బడికీ, మమ్మల్ని పెళ్లిళ్లకీ తిప్పే బండికి ఇంత బలం ఎందుకని ఆవిడ గోల. నాలుగు రోజులు వాదించుకుని రాజీకొచ్చాం. అందరం కలిసి ఒక రోజంతా తిరిగి రావాలి. ఆ బలం ఒక్క పనికైనా ఉపయోగపడితే సరే. లేదంటే, అటక మీద ఖాళీ జీడిపప్పు డబ్బాలో దాచిన పాత టర్బోని మళ్లీ బిగించెయ్యాలి.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఇద్దరు పిల్లలతో బయలుదేరాం. రెండు వేలకు డీజిల్ కొట్టించి హైవే ఎక్కాను. పలాస నుంచి టెక్కలికి మామూలుగా అరగంట పైనే పడుతుంది. నేను ఎంతలో వెళ్లానో ఇక్కడ రాయను, మా ఆవిడ ఈ బ్లాగు చదువుతుంది. వరసగా పోతున్న మూడు లారీలను ఒక్క ఊపులో దాటాక, ఎలా ఉందని గర్వంగా అడిగాను. కళ్లు మూసుకున్నాను, చూళ్లేదంది. పిల్లలు మాత్రం మళ్లీ దాటమని గొడవ. టెక్కలిలో బస్టాండుకి దగ్గర్లో ఒక పాక హోటల్ దగ్గర ఆపాను. పెసరట్టు, ఇడ్లీ, టీ, నలుగురికీ రెండు వందల లోపే అయింది. అట్లు పోస్తున్న పెద్దావిడ బండి వైపు చూసి నవ్వింది.

"ఏటి బాబూ ఆ సప్పుడు? లారీ వొచ్చీసిందనుకున్నాను. నాలుగట్లు ఎక్కువేసీసినాను."

దమయంతి ఆ మాటకి పడీ పడీ నవ్వింది. నాకు చిర్రెత్తింది గాని, ఆ నాలుగట్లూ నేనే తిన్నాను.

టెక్కలి నుంచి నౌపడా వైపు తిరిగితే రోడ్డు చిన్నదైపోతుంది. రెండు పక్కలా ఉప్పు మడులు ఎండకి మెరుస్తుంటాయి, అక్కడ ఆగి ఫోటోలు తీసుకోవచ్చు. పూండి మీదుగా వజ్రపుకొత్తూరు చేరేసరికి ఉద్దానం ప్రాంతపు కొబ్బరి తోటలు, జీడి తోటలు మొదలవుతాయి. ఈ దారిలో మలుపులెక్కువ, మేకలెక్కువ, కాబట్టి ఎంత బలమున్న ఇంజినైనా బుద్ధిగా నడవాల్సిందే. రెండో గేరులో ఈడుస్తుంటే, రెండొందల అరవై గుర్రాలూ గడ్డి మేస్తన్నాయా అని మా ఆవిడ వెక్కిరించింది. ఇంకో పూట ఇలాగే గడిస్తే అటక మీది డబ్బా కిందికి దిగడం ఖాయమని నాకూ తెలుస్తూనే ఉంది.

పదకొండు దాటాక సముద్రం ఒడ్డున మా అత్తవారి ఊరు చేరాం. దమయంతి అన్న గణపతికి అక్కడ ఒక ఫైబర్ బోటుంది. భోజనం వాళ్లింట్లోనే అనుకున్నాం గాని, ఇంట్లో ఎవరూ లేరు. ఊరంతా ఒడ్డునే ఉంది. వేట నుంచి వచ్చిన గణపతి బోటు అలల్లో అడ్డం తిరిగి ఇసుకలో కూరుకుపోయింది. లోపల వలలు, చేపలు, నీళ్లు. వచ్చిన ప్రతి అల దాన్ని కొడుతోంది. బోట్లు లాగే ట్రాక్టరు బాగుకని పలాస వెళ్లింది. పాతికమంది తాడు పట్టి లాగుతున్నా బోటు జానెడు కూడా జరగడం లేదు. గణపతి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నాకు ఇంతకన్నా ఏం కావాలి? తప్పుకోండి తప్పుకోండి అంటూ బండిని నేరుగా ఇసుకలోకి దింపి, తాడు కట్టించుకుని యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజిన్ గర్జించింది. బోటు కదల్లేదు. నా చక్రాలే గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుని ఇరుసు దాకా దిగబడిపోయాయి. వెనకాల నిలబడ్డవాళ్ల నోళ్లనిండా ఇసుక. ఒడ్డంతా గొల్లుమంది. నా పరువు అక్కడికక్కడే బంగాళాఖాతంలో కలిసింది.

దమయంతి నవ్వలేదు. చీర కొంగు నడుముకి దోపుకుని వచ్చింది. ఆ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి.

"ఇసకలో బలం సూపిత్తే ఎలాగ? బండిని సిమెంటు రోడ్డు మీదెట్టు. తాడు మేం పొడుగు సేత్తాం. నువ్వు మాత్రం మెల్లగా లాగు."

చక్రాల కింద కొబ్బరి మట్టలు వేసి అందరూ తోస్తే బండి బయటపడింది. రోడ్డు చివర నిలబెట్టాను. నాలుగు తాళ్లు జోడించి చాసిస్ కొక్కేనికి కట్టారు. బోటు ముక్కు కింద దుంగలు పెట్టారు. దమయంతి ఒడ్డున చెయ్యెత్తి నిలబడి, అల వచ్చి బోటుని కాస్త లేపినప్పుడల్లా చెయ్యి దించేది. అప్పుడు నేను క్లచ్ వదిలేవాణ్ణి. మూడో అలకి తాడు బిగుసుకుంది, ఇంజిన్ కింది గొంతుతో మూలిగింది, బోటు దుంగ మీదికెక్కింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. కంపెనీ ఇంజినైతే ఆ బరువుకి ఎప్పుడో నిలిచిపోయేది, ఒట్టు. బోటు పొడి ఇసుక చేరాక గణపతి వచ్చి కిటికీలోంచి నా భుజం పట్టుకుని ఊపేశాడు. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ ఊళ్లో తాడు పట్టినవాళ్లందరికీ చేపల్లో వాటా ఉంటుంది. పిల్లాడైనా, దారిన పోయేవాడైనా సరే. గణపతి తన వలలో పడ్డ కవళ్లనే చిన్న చేపల్ని కుప్పలు పోసి అందరికీ పంచాడు. నాకొకటి, దమయంతికొకటి. ఆఖరికి ఇంకో కుప్ప తెచ్చి బండి ముందు పోశాడు. ఇదెవరిది బావా అన్నాను.

"బండిది. అదీ తాడట్టింది కదా, బావా."

నా జీవితంలో నాకెవరూ అంత పెద్ద సన్మానం చెయ్యలేదు. పరీక్షలో చూపించిన అంకె నాకప్పుడు గుర్తుకే రాలేదు. బలం ఉంటే సరిపోదు, దాన్ని ఎక్కడ నిలబెట్టాలో చెప్పే మనిషి పక్కనుండాలి, ఆ మనిషి మా ఇంట్లోనే ఉంది. ఇటు వచ్చేవాళ్లకి ఒకటే మాట: ఎంత గొప్ప బండైనా ఇసుకలోకి దింపకండి, సిమెంటు రోడ్డు చివరే ఆపి నడిచి వెళ్లండి. మేం సాయంత్రానికల్లా కాశీబుగ్గ చేరాం. చేపలు బాగుచేస్తూ దమయంతి అటక మీది జీడిపప్పు డబ్బా దించమంది. పాత టర్బో మళ్లీ బిగించమంటుందేమో అనుకున్నాను. దించి ముందు పెట్టాను. మూత తీసి, పాత టర్బో వైపు చూసి, డబ్బా నా చేతికిచ్చింది.

"ఆ ఇనుము పాతసామాన్ల కొట్లో ఇచ్చీ. డబ్బా కడిగి తే. మన బండి తెచ్చిన కవళ్లు ఎండబెట్టి దాసుకోవాల."