చౌడయ్య గారి ముక్కు, సీసాడు పచౌలి నూనె

మంగళగిరి చరిత్ర రాసినవాళ్లెవరూ పట్టించుకోలేదు గానీ, చౌడయ్య గారు రోజూ ఉదయం తొమ్మిదింటికి చీర వాసన చూడడం సామాన్య విషయం కాదు. దుకాణం తెరిచి, దేవుడికి అగరొత్తి వెలిగించి, నేతగాళ్లు తెచ్చిన చీరను ముక్కు దాకా ఎత్తేవారు. కళ్లు మూసుకుని, బొటనవేలితో అంచును నిమురుతూ గాలి పీల్చేవారు. వీధి ఊపిరి బిగబట్టేది. "మల్లీశ్వరి మగ్గం. గంజి వాసనే చెబుతోంది" అని తీర్పిచ్చేవారు. ముప్పై ఏళ్లలో ఆ తీర్పు మీద ఒక్క అప్పీలూ పడలేదు.

ఈ వానాకాలం బీరువాల్లో పురుగు చేరింది. కలరా ఉండలు వేస్తే, "చీరలకొచ్చామా, ఆస్పత్రికొచ్చామా?" అంటూ ఆడవాళ్లు గుమ్మంలోంచే వెనుదిరిగారు. అప్పుడు కూతురు జ్యోతిర్మయి విజయవాడ గవర్నర్‌పేట వెళ్లి పచౌలి నూనె సీసా ఒకటి తెచ్చింది.

"తులసి కుటుంబం మొక్కే నాన్నా. ఆకులెండబెట్టి తీస్తారు. పూర్వం మన శాలువాలు ఓడలెక్కేటప్పుడు పురుగు పట్టకుండా మడతల్లో ఈ ఆకులే పెట్టేవాళ్లంట. సీమ దొరసానులైతే, ఈ వాసన లేకపోతే అసలది ఇండియా శాలువాయే కాదు పొమ్మనేవాళ్లంట!"

చౌడయ్య గారి మీసం కదిలింది. వాసనతో సరుకు తేల్చే జాతి సముద్రాల అవతల కూడా ఉండేదన్నమాట!

"తడిమట్టి వాసన. పాతబడేకొద్దీ ఇంకా బాగుంటుంది. ఓ పట్టాన వదలదు. గుడ్డ మీద పడితే మాత్రం మరక. అందుకే ఈ కొండపల్లి బొమ్మల చెక్కముక్కల మీద వేసి బీరువాలో పెట్టు. రెండేసి చుక్కలు. రెండే!" అని చెప్పి ఆవిడ బ్యాంకు పనిమీద వెళ్లింది.

ఆయన రెండు చుక్కలు వేసి వాసన చూశారు. పెదవి విరిచారు. మరో రెండు. మరో నాలుగు. "ఒట్టి కల్తీ సరుకు" అని గొణిగి, సీసా బోర్లించేశారు.

అరగంటలో ఎదురు వరస ఇడ్లీల అమలమ్మ కేకేసింది. "ఏం చౌడయ్య గారూ, మీ ఒక్క కొట్లోనే వాన కురిసిందా?"

సరిగ్గా అప్పుడే ఉషశ్రీ కారు దిగింది. విజయవాడలో చీరల దుకాణం తెరవబోతున్న మనిషి. ఇదివరకు ఎవరో మరమగ్గం చీరల్ని చేనేతని అంటగడితే నష్టపోయింది.

"మీ పేరు విని వచ్చానండీ. ఐదు చీరలు, నేసినవాళ్ల పేర్ల చీటీలు పీకేసి మీ ముందు పెడతాను. ఏది ఎవరు నేశారో చెప్పండి. అన్నీ సరిపోతే ఏడాది పొడుగునా ఆర్డరు మీకే. ఒక్కటి తప్పినా పక్క వీధికెళ్తా, ఏమనుకోకండి."

అంటే, ఆయన కొట్టుకు నేసే ఎనిమిది మగ్గాలకూ ఏడాది పని. కబురు క్షణంలో పాకింది. మల్లీశ్వరి మగ్గం దిగి పరుగెత్తుకొచ్చింది. బ్యాంకు నుంచి తిరిగొచ్చిన జ్యోతిర్మయి గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఎంత పోశావు నాన్నా?"

"ఉన్నదంతా."

"ఇంక గంజి వాసనేం తెలుస్తుంది! అయిపోయాం!"

"బాబాయ్, రేపు రమ్మను. ఇవాళ ఏనుగొచ్చినా వాసన దొరకదు!" అంది మల్లీశ్వరి.

చౌడయ్య గారు వినలేదు. మొదటి చీర ఎత్తారు. కళ్లు మూతపడ్డాయి, బొటనవేలు కదిలింది. "మల్లీశ్వరిది." ఒప్పు! రెండోది. "రత్తయ్యది. మోకాలి నొప్పితో నేశాడు పాపం." ఒప్పు! మూడోది మాణిక్యంది. నాలుగోది మళ్లీ మల్లీశ్వరిది. జనం మెట్లెక్కారు. అమలమ్మ పొయ్యి మీద ఇడ్లీలు వదిలేసి వచ్చింది.

ఐదోది. అప్పటికి దానికీ ఆ ఘాటు ఎక్కేసింది. బొటనవేలు అంచు మీద వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది.

"ఇది మరమగ్గం చీరమ్మా. నా బీరువాలోది కాదు."

ఉషశ్రీ లేచి నిలబడింది. "నా సంచిలోంచి కలిపానండీ! ఇంత ఘాటులో ఎలా పట్టారు! అబ్బ, ఏం ముక్కండీ మీది!"

వీధి హోరెత్తింది. మల్లీశ్వరి కళ్లు తుడుచుకుంది. ముక్కుకు సన్మానం జరపాలనీ, శాలువా ఎలా కప్పాలన్నది తర్వాత ఆలోచించాలనీ అక్కడికక్కడే తీర్మానమైంది.

అందరూ వెళ్లాక చౌడయ్య గారు ఖాళీ సీసాను కూతురి చేతిలో పెట్టారు.

"రేపు గవర్నర్‌పేట వెళ్లి ఇది వాడికి తిరిగిచ్చెయ్యవే. వాసనే లేదు."

నాలుగేళ్ల కిందట జ్వరమొచ్చి తగ్గింది మొదలు చౌడయ్య గారికి ఏ వాసనా తెలియదు.