అడుగు పగిలిన కుండ

పోయిన మంగళవారం పొద్దున మా ఆవిడ అరగ్లాసు కాఫీ తాగి, "దొడ్డపత్రకు నీళ్ళు పోసినారా?" అని అడిగింది. "రేపు పోస్తాలే" అన్నాను. మధ్యాహ్నానికి ఆమె పోయింది.

దగ్గుకు వాడే ఆ మొక్క ఉన్న కుండ నేను చేసిందే. పంతొమ్మిది వందల నలభైలలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కుమ్మరులుండే కుంబారపేటలో చేశాను. మన ఈడువాళ్ళకు కర్రతో తిప్పే సారె, తడిమన్ను వాసన గుర్తుండే ఉంటాయి. పని నేర్పిన మునెప్ప తాత నా కుండ చూసి, "ఇది కుండనా, వంకాయనా? మొదటిది కాల్చకూడదప్పా, మళ్ళా మన్నులో కలిపెయ్" అన్నాడు. నాకు కలపబుద్ధి కాలేదు. సరిగా ఆరకముందే ఆవంలో పెద్ద కుండల వెనక దాచాను. అడుగు పగిలింది. "ఆత్రాన్ని కాల్చినావు కదప్పా" అని తాత నవ్వి, దాన్ని నా చేతికే ఇచ్చాడు.

పెళ్ళయ్యాక మా ఆవిడ దాన్ని అటక మీద చూసింది. పారేస్తానంటే ఒప్పుకోలేదు. "నీళ్ళు నిలబడవు, వేరు కుళ్ళదు. మొక్కకైతే ఇదే బాగుండాది" అంటూ మన్ను నింపింది.

ఈ వారమంతా నేను దాని దగ్గరికి పోలేదు. ఈరోజు చూస్తే ఆకులు వాలిపోయి ఉన్నాయి. రేపు పొద్దున కాఫీకి ముందే నీళ్ళు పోస్తాను. ఆమె పెట్టినట్టే కింద పళ్ళెం పెడతాను.